అయిదు నదుల ఊళ్ళో అయిదు పాటలు

తమిళనాడులో తంజావూరుకు ఉత్తరంగా, సుమారు 13 కిలోమీటర్ల దూరాన, తిరువైయారు అనే చిన్న ఊరున్నది. కావేరి నది ఆ ఊరిని ఒరుసుకుని పారుతుంది. తమిళంలో "ఐ" అంటే అయిదు, "ఆరు" అంటే నది. "తిరు" అంటే శ్రీ. మన తిరుపతిలో ఉన్న తిరు కూడా అదే. ఆ చుట్టుపట్ల కావేరి, కుడమురుట్టి, వెణ్ణారు, వెట్టారు, వడవారు అనే అయిదు నదులు పారుతూ ఉండటం చేత ఊరికి ఆ పేరు వచ్చింది. మనవాళ్ళు దీన్నే పంచనదం అనేవారు.

మామూలు రోజుల్లో ఇది చాలా నెమ్మదైన ఊరు. చుట్టూ వరిచేలు, కొబ్బరిచెట్లు, అరటితోటలు. కాని ఏడాదికొకసారి, పుష్యమాసంలో, ఆ ఊరు ఉన్నట్టుండి పెద్ద పట్నమంత సందడిగా తయారవుతుంది. దేశం నాలుగు మూలల నుంచీ పాడేవాళ్ళు వస్తారు, వాయించేవాళ్ళు వస్తారు, వాళ్ళందరికంటే ఎక్కువగా వినేవాళ్ళు వస్తారు. అదే త్యాగరాజ ఆరాధనోత్సవం.

పెద్ద సంగీతోత్సవాన్ని మొట్టమొదటిసారి చూడబోయే పిల్లలు ముందుగా ఇక్కడికి వెళ్ళటం మంచిది. ఎందుకంటే, ఇక్కడ పాడే పాటల్లో చాలా భాగం మీ భాషలోనే ఉంటాయి.

త్యాగరాజు 1767లో తిరువారూరులో జన్మించాడు. ఆయన ఇంటిపేరు కాకర్ల. తెలుగు కుటుంబం అంత దూరాన ఎందుకున్నదని మీకు సందేహం కలగవచ్చు. పదహారు, పదిహేడవ శతాబ్దాలలో తంజావూరును నాయకరాజులు పాలించారు. వారి ఆస్థానంలో తెలుగుకు గొప్ప గౌరవం ఉండేది. వారి తరవాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగు కవులను, గాయకులను ఆదరించారు. అందుచేత ఎన్నో తెలుగు కుటుంబాలు కావేరి తీరాన స్థిరపడ్డాయి. త్యాగరాజు పెరిగింది తిరువైయారులో. సొంఠి వెంకటరమణయ్యగారి దగ్గర సంగీతం నేర్చుకున్నదీ, జీవితమంతా గడిపినదీ ఆ ప్రాంతంలోనే. ఆయన రచించిన కీర్తనలలో ఇంచుమించు 700 ఈనాటికీ నిలిచి ఉన్నాయి. 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు, ఆయన సిద్ధి పొందాడు. కొద్ది రోజుల ముందే సన్యాసం పుచ్చుకున్నాడు గనక ఆయనకు కావేరి ఒడ్డున సమాధి కట్టారు.

ఉత్సవం ఆ తిథినాటికి ముగిసేటట్టుగా జరుగుతుంది. తిథి చంద్రుణ్ణిబట్టి వస్తుంది. పన్నెండు చాంద్రమాసాలు కలిస్తే 354 రోజులే అవుతాయి. అందుచేత మన క్యాలెండరు ప్రకారం పండుగ ఒక్కొక్క ఏడు పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది, అధికమాసం వచ్చినప్పుడు మళ్ళీ వెనక్కు పోతుంది. మొత్తంమీద జనవరిలో గాని, ఎప్పుడైనా ఫిబ్రవరి మొదట్లో గాని వస్తుంది. వెళ్ళదలచినవాళ్ళు ముందుగా పంచాంగం చూసుకోవాలి.

చెన్నైలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి తంజావూరు చేరవచ్చు. అక్కడి నుంచి బస్సులుంటాయి. తిరువైయారు చిన్న ఊరు గనక అందరికీ బస దొరకదు. చాలామంది తంజావూరులోనే ఉండి, చీకటితో లేచి బయలుదేరుతారు. దారిలో వంతెనలు లెక్కపెట్టండి. ఆ ఊరికి అయిదు నదుల పేరు ఎందుకు వచ్చిందో అప్పుడు మీకే తెలుస్తుంది.

పంచమినాటి ఉదయం మీరు మొట్టమొదట చూడవలసింది పందిరిని కాదు, తిరుమంజన వీధిని. త్యాగరాజు నివసించిన ఇల్లు అక్కడే ఉండేది. ఆయన ఉంఛవృత్తితో జీవించాడు. అంటే, భుజాన తంబురా పెట్టుకుని రామనామం పాడుతూ వీధులు తిరిగేవాడు. ఇళ్ళవాళ్ళు పోసిన బియ్యంతో తన ఇంటివారికీ, శిష్యులకూ వండి పెట్టేవాడు. తంజావూరు రాజు పిలిపించి కానుకలిస్తానన్నా ఆయన వెళ్ళలేదని చెప్పుకుంటారు. ఆ జీవితానికి గుర్తుగా ఇప్పటికీ ఆరాధననాటి ఉదయం విద్వాంసులు ఆ వీధి నుంచి పాడుకుంటూ సమాధి దగ్గరకు నడిచి వస్తారు. ఎంత పేరున్న గాయకుడైనా ఆ నడకలో ఒక భజనపరుడు మాత్రమే.

ఆ తరవాత పందిట్లోకి వెళ్ళండి. టిక్కెట్టు లేదు. అందరూ నేలమీదనే కూర్చోవాలి గనక ఒక చిన్న చాప వెంట తీసుకుపోతే మేలు. త్యాగరాజు గుడి ముందు గాయకులు ఎదురెదురుగా బారులు తీరి కూర్చుంటారు. ఆడవాళ్ళూ ఉంటారు, మగవాళ్ళూ ఉంటారు. వయొలిన్లు, మృదంగాలు, వీణలు, వేణువులు, ఘటాలు, కంజిరాలు అన్నీ ఉంటాయి. నాదస్వరం ముగిసిన తరవాత తంబురాలు మోగుతాయి. లోపల స్వామి విగ్రహానికి అభిషేకం జరుగుతూ ఉంటుంది; బయట వందల గొంతులు ఒక్కసారిగా పంచరత్న కీర్తనలు ఎత్తుకుంటాయి.

ఈ అయిదు పాటల గురించి ముందే తెలుసుకుని వెళ్ళండి. వాటి రాగాలు వరసగా నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. మొదటిది సంస్కృతంలో ఉన్నది. తక్కిన నాలుగూ తెలుగే. మొదటి దానిలో రాముడి గుణాలను వర్ణించాడు. రెండవ దానిలో మనుషులు చేసే తప్పులన్నీ తనవే అన్నట్టు చెప్పుకుని, తనను ఎవరు కాపాడతారని అడిగాడు. మూడవ దానిలో కృష్ణుణ్ణి కొంచెం ఎత్తిపొడిచాడు. నాలుగవ దానిలో రాముడి అందాన్ని చూసి మురిసిపోయాడు. అయిదవ దానిలో గొప్పవాళ్ళందరికీ వందనం చేశాడు. చరణాలలో మొదట సరిగమలు పాడి, వెంటనే అదే వరసలో మాటలు పాడతారు. అయిదూ పూర్తికావటానికి ఇంచుమించు ఒక గంట పడుతుంది.

అంతమంది కలిసి పాడితే గందరగోళం కాదా? కాకుండా కాపాడేవి రెండు: శ్రుతి, తాళం. తంబురా శ్రుతి వింటూ పాడితే గొంతులన్నీ ఒకే మెట్టుమీద నిలుస్తాయి. ఇక తాళం మాట చూద్దాం. అయిదు కీర్తనలూ ఆదితాళంలోనే ఉన్నాయి. దాన్ని మీరు ఇప్పుడే నేర్చుకోవచ్చు. కుడి అరచేతితో తొడమీద ఒక దెబ్బ వెయ్యండి. తరవాత చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు ఒక్కొక్కటే తొడకు తాకించండి. ఇంతవరకు 4. మళ్ళీ ఒక దెబ్బ వేసి, చెయ్యి వెల్లకిలా తిప్పండి. అది 2. ఇంకొకసారి దెబ్బ వేసి తిప్పండి. మరి 2. మొత్తం 8. ఆలస్యం, తొందర లేకుండా ఇలా పదిసార్లు వెయ్యగలిగితే మీకు ఆదితాళం వచ్చినట్టే.

ఈ చేతుల లెక్కలో ఒక విశేషం ఉన్నది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణం చేస్తుంది. మీరు పాడేవారికి 68 మీటర్ల దూరాన కూర్చున్నారనుకోండి. వారి గొంతు మీ చెవికి చేరేసరికి సెకనులో అయిదో వంతు గడిచిపోతుంది. చెవిని మాత్రమే నమ్ముకుని పాడితే మీరు అంతమేర వెనకబడతారు. కాని వెలుతురుకు అలాంటి ఆలస్యమేమీ తెలియదు. వాళ్ళ చెయ్యి తొడమీద పడటం ఆ క్షణంలోనే మీకు కనపడుతుంది. పెద్ద గుంపులో తాళం వినటంతోపాటు చూడటం కూడా అవసరమన్నమాట.

ఇంత చక్కగా జరిగే ఈ పండుగ మొదటినుంచీ ఇలాగే ఉన్నదనుకోకండి. త్యాగరాజు పోయిన తరవాత శిష్యులు తలో ఊరికి వెళ్ళిపోయారు. ఆయన పాటలు ఊరూరా పాడుతూనే ఉన్నారు గాని, సమాధిని పట్టించుకున్నవారు లేరు. 1903లో ఆయన శిష్యులే అయిన ఉమయాళ్పురం కృష్ణభాగవతారు, సుందరభాగవతారు దాని పాడుబడిన స్థితి చూసి బాగుచేయించారు. అప్పటికి వాళ్ళు ముసలివాళ్ళు. తరవాత కొద్ది ఏళ్ళకు ఏటేటా ఆరాధన జరపటం మొదలయింది. కాని విద్వాంసులలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. పెద్ద పక్షంవారు ఒక ఉత్సవం, చిన్న పక్షంవారు ఒక ఉత్సవం చేసుకునేవారు. రెండు పక్షాలవారూ ఒక్క విషయంలో మాత్రం కలిశారు: సమాధి ముందు ఆడవాళ్ళు పాడటానికి వీల్లేదన్నారు.

ఆ రోజుల్లో బెంగుళూరు నాగరత్నమ్మ అనే గొప్ప గాయని ఉండేది. ఆమె 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో పుట్టింది. తెలుగు, కన్నడం, సంస్కృతం బాగా చదువుకున్నది. పాడి చాలా ధనం సంపాదించింది. సమాధి సరిగా లేదని 1921లో ఆమెకు తెలిసింది. త్యాగరాజు కీర్తనలు పాడే కదా తనకింత పేరు వచ్చింది! ఆమె అక్కడి స్థలం సంపాదించి, తన సొమ్ముతో గుడి కట్టించింది. త్యాగరాజు విగ్రహం చేయించి ప్రతిష్ఠించింది.

గుడి కట్టించిన మనిషికి ఆ గుడి ముందు పాడే హక్కు లేదు! ఆమె పోట్లాడి వెళ్ళిపోలేదు. వదిలిపెట్టి ఊరుకోనూ లేదు. 1927లో పాడే స్త్రీలను కూడగట్టి, గుడి వెనకవైపున తమ ఆరాధన తాము మొదలుపెట్టింది. అలా ఏటేటా, పదమూడు, పద్నాలుగు ఏళ్ళు సాగించింది. చివరకు 1940-41 నాటికి పక్షాలన్నీ కలిసిపోయి ఉత్సవం ఒక్కటయింది. స్త్రీలు కూడా గుడి ముందు పాడసాగారు. పంచరత్నాలను అందరూ కలిసి పాడే పద్ధతి ఏర్పడింది కూడా అప్పుడే. ఎవరిపాటికి వాళ్ళు ఏదో ఒకటి పాడుకునే బదులు, అందరికీ వచ్చిన అయిదు పాటలు ఏరుకున్నారన్నమాట. నాగరత్నమ్మ 1952లో మరణించింది. త్యాగరాజు గుడి దగ్గరనే ఆమె సమాధీ, చేతులు జోడించి కూర్చున్న ఆమె విగ్రహమూ ఉన్నాయి. పందిట్లోంచి వచ్చేటప్పుడు అక్కడ ఒక్క నిమిషం నిలబడటం మరచిపోకండి.

పంచరత్నాలు అయిపోగానే ఉత్సవం ముగిసిందని లేచిపోకూడదు. ఈ పండుగ రోజుల్లో పొద్దుటినుంచి రాత్రి పొద్దుపోయేదాకా కచేరీలు జరుగుతూనే ఉంటాయి. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే ఇస్తారు. ఎంతో పేరుగల విద్వాంసుడి తరవాత, మొన్న మొన్ననే పాట నేర్చిన మీ ఈడు పిల్ల వచ్చి కూర్చోవచ్చు. ఇద్దరినీ ఒకేలాగ వినండి.

పందిట్లో మీ పక్కవాళ్ళ చేతుల్లోని పుస్తకాలు ఒకసారి చూడండి. అక్షరాలు తమిళంలో ఉంటాయి, మాటలు తెలుగువి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుచేత చాలా కీర్తనల పుస్తకాల్లో ఆ అక్షరానికి చిన్న చిన్న అంకెలు తగిలిస్తారు. 2 ఉంటే "ఖ", 3 ఉంటే "గ", 4 ఉంటే "ఘ". తమది కాని భాషలో పాటను తప్పు లేకుండా పలకటానికి వాళ్ళు తరతరాలుగా ఇంత శ్రమ పడుతున్నారు. వాళ్ళే ఆ శ్రమ పడకపోతే ఈ పాటల్లో ఎన్ని మనదాకా వచ్చి ఉండేవో! మీకు ఆ అంకెలతో పని లేదు. మాట మీకు పుట్టుకతోనే వచ్చింది. రావలసింది పాట.

ఈ ఏడు తిరువైయారు వెళ్ళటానికి వీలులేనివాళ్ళు విచారించవద్దు. ఆరాధన కార్యక్రమాన్ని ఆకాశవాణి, దూరదర్శన్ ప్రసారం చేస్తాయి. విజయవాడ, హైదరాబాదు వంటి మన పట్నాల్లోనూ ఆరాధనలు జరుగుతాయి. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరంలో కూడా 1978 నుంచి త్యాగరాజ ఉత్సవం చేస్తున్నారు. ఎక్కడ చూసినా అయిదు పాటలు అవే.

ఎక్కడికి వెళ్ళినా, పుష్యమాసం వచ్చేలోగా ఆ అయిదింటిలో ఒక్కదాన్నైనా నేర్చుకోండి. గొంతు బాగుండకపోతే తాళం వెయ్యండి. ఆ రెండింటితోపాటు పాటలోని మాటలకు అర్థం ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోండి. పందిట్లో మీ పక్కన కూర్చున్న తమిళ పిల్లకు పాట అంతా వచ్చి ఉంటుంది. మీరు తెలుగువాళ్ళని తెలిస్తే, ఒక మాట చూపించి, "దీనికి అర్థమేమిటి?" అని అడిగినా అడగవచ్చు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి.