మా షోలో పొగ కనిపించదు

నేనూ మా తమ్ముడూ కలిసి వేపింగ్ మీద తెలుగులో ఒక వీడియో షో తయారు చేస్తున్నాం, యూట్యూబ్ కోసం. ఇంకా ఒక్క ఎపిసోడ్ కూడా బయటికి రాలేదు. స్క్రిప్టు రాసుకుంటున్నాం, కొట్టేస్తున్నాం, మళ్లీ రాస్తున్నాం. అన్నిటికంటే ముందు తేల్చుకున్నది మాత్రం ఒకటుంది. తెర మీద ఎక్కడా ఆ పొగ కనిపించకూడదు. తమ్ముడి నోట్లోంచి గానీ, నటుల నోట్లోంచి గానీ, సినిమా క్లిప్పుల్లో గానీ వద్దు. థంబ్‌నెయిల్ మీద అసలే వద్దు.

నేను వీడియో ఎడిటర్‌ని. హైదరాబాద్‌లో కొన్నేళ్లు న్యూస్ ఛానళ్లలో పనిచేసి, పెళ్లయ్యాక టెక్సాస్ వచ్చాను. ఏ షాట్ దగ్గర చూసేవాళ్ల కన్ను ఆగుతుందో ఆ పనిలోనే నేర్చుకున్నాను. వెనక లైటు పెట్టి తెల్లటి పొగ వదిలితే ఎవరి కన్నయినా ఆగుతుంది. అందుకే వద్దంటున్నాను. మాటల్లో ప్రమాదం గురించి ఎంత చెప్పినా, పదిహేనేళ్ల పిల్లవాడికి గుర్తుండేది ఆ దృశ్యమే. 2015లో జూల్ అనే ఈ-సిగరెట్‌ను మార్కెట్లోకి దింపినప్పుడు చేసిన ప్రచారం కూడా దృశ్యాల మీదే నడిచింది. గాఢమైన రంగులు, నవ్వుతున్న కుర్ర మొహాలు, చేతిలో సన్నటి పరికరం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆ ప్రకటనలను సేకరించి భద్రపరిచారు. షో అనుకున్నాక వాటిని ఒక్కొక్కటే చూశాను. చెయ్యి తిరిగిన పనివాళ్లు చేసిన ప్రకటనలవి. 2018కల్లా అమెరికాలో హైస్కూలు పిల్లల్లో నూటికి ఇరవై మందికి పైగా వేప్ వాడుతున్నారని ప్రభుత్వ సర్వేలో తేలింది. 2019లో అది 27.5 శాతం.

మా తమ్ముడు హైస్కూలు పిల్లవాడు కాదు. ఎమ్మెస్ చదవడానికి వచ్చాడు. తెనాలిలో ఉన్నన్నాళ్లూ సిగరెట్ ముట్టనివాడు. ఇక్కడ నలుగురు కుర్రాళ్లు కలిసుండే అపార్ట్‌మెంటులో, అసైన్‌మెంట్ల రాత్రుల్లో, మామిడిపండు రుచి ఉన్న వేప్ పాడ్‌తో మొదలైంది. బూడిద రాలదు, బట్టలకి కంపు పట్టదు, గొంతు మండదు. గొంతు మండకపోవడంలో ఒక రసాయన కిటుకుంది. నికోటిన్‌కి బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మారిస్తే ఘాటు తగ్గుతుంది. ఘాటు తగ్గేసరికి ఎంత నికోటిన్ లోపలికి పోతోందో ఒంటికి తెలియదు. అయిదు శాతం నికోటిన్ ఉన్న ఒక చిన్న పాడ్‌లో దాదాపు ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా నికోటిన్ ఉంటుంది. వాడు దాన్ని ఒక్క రోజులో అవగొట్టే స్థితికి వచ్చాడు.

2019 సెప్టెంబరు మొదట్లో దగ్గు పట్టుకుంది. తర్వాత వాంతులు, విరేచనాలు, జ్వరం. రూమ్మేట్లు ఫ్లూ అనుకున్నారు. బయట చూపించుకుంటే న్యుమోనియా అని యాంటీబయాటిక్స్ ఇచ్చి పంపారు. తగ్గలేదు. ఫోన్లో మాట్లాడుతూ మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఒరే, ఎందుకురా అంత ఆయాసం?" అన్నాను.

"మెట్లెక్కొచ్చానక్కా."

వాళ్లుండేది గ్రౌండ్ ఫ్లోర్లో. ఫోన్ పెట్టేసి కారు తీశాను.

ఎమర్జెన్సీలో వేలికి తగిలించిన మీటరు ఆక్సిజన్ ఎనభైల్లో ఉందని చూపించింది. స్కాన్‌లో రెండు ఊపిరితిత్తులూ మంచు పట్టిన కిటికీ అద్దాల్లా ఉన్నాయి. ఐసీయూకి మార్చి, ముక్కుకి గొట్టాలు పెట్టి ఆక్సిజన్ ఉధృతంగా ఎక్కిస్తున్నారు. మా ఇంట్లో అందరికంటే పొడుగైనవాడు మంచం మీద ముడుచుకుపోయి, ఒక్కో ఊపిరికీ భుజాలు ఎగరేస్తున్నాడు. ఇంకా తగ్గితే గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాల్సి వస్తుందని చెప్పి నాచేత సంతకాలు పెట్టించుకున్నారు.

అప్పటికి ఆ జబ్బుకు పేరు కూడా స్థిరపడలేదు. ఇవాలి (EVALI) అన్న పేరు అక్టోబరులో వచ్చింది. వేసవిలో విస్కాన్సిన్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో బయటపడ్డ కేసులు దేశమంతా కనిపిస్తున్నాయి. ఆగస్టు నెలాఖరులో ఇల్లినాయ్‌లో మొదటి మరణం నమోదైంది. ఎందుకు వస్తోందో ఇంకా తేలలేదు. కాబట్టి డాక్టర్ల చేతిలో ఉన్న మొదటి ఆయుధం ఒక్క ప్రశ్నే: ఏం పీల్చావు, ఎక్కడ కొన్నావు?

తమ్ముడు నా వైపు చూసి, "నికోటిన్ మాత్రమే" అన్నాడు.

డాక్టరమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి నర్సు వచ్చి నన్ను బయట కూర్చోమంది. తలుపు వేసి మళ్లీ అడిగారు. ఈసారి నిజం చెప్పాడు. నిద్ర పట్టక, తెలిసినవాళ్ల ద్వారా దొరికిన గంజాయి నూనె కార్ట్‌లు కూడా కొన్ని నెలలుగా వాడుతున్నాడు. దాచింది నాకు భయపడి మాత్రమే కాదు. టెక్సాస్‌లో అది నేరం. ఆస్పత్రివాళ్లు పోలీసులకి చెబుతారు, ఎఫ్-1 విద్యార్థి వీసా పోతుంది, నాన్న ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన ఎడ్యుకేషన్ లోను నెత్తిమీద పడుతుంది. ఊపిరి అందని మనిషి ఆ మంచం మీద పడుకుని ఈ లెక్కలన్నీ వేసుకుంటున్నాడు. "నేను డాక్టర్ని, పోలీసుని కాను. నీ రక్తంలో ఏముందో నాకు తెలియాలి, అంతే" అందట ఆవిడ. ఇన్‌ఫెక్షన్ ఏదీ లేదని పరీక్షల్లో తేలాక స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. నెమ్మదిగా మీటరు పైకి కదిలింది.

ఆ వారాల్లోనే, సెప్టెంబరు 18న, ఇండియాలో ఈ-సిగరెట్లను నిషేధిస్తూ ఆర్డినెన్స్ తెస్తున్నామని నిర్మలా సీతారామన్ ప్రకటించారు. తెనాలిలో నాన్న ఆ వార్త టీవీలో చూసి ఫోన్ చేశాడు. "ఇదేనా మనవాడు తాగింది?" అన్నాడు. ఇంకేమీ అనలేకపోయాడు. అమ్మ మాత్రం ఫోన్ లాక్కుని అడుగుతూనే ఉంది.

"సిగరెట్టా?"

"కాదమ్మా."

"నిప్పు లేదంటున్నావు, పొగాకు లేదంటున్నావు. మరి నా బిడ్డ ఊపిరితిత్తులు ఎట్లా కాలినయ్యే?"

మా మొదటి ఎపిసోడ్ అమ్మ అడిగిన ఈ ప్రశ్నకు జవాబు. బ్యాటరీ, చిన్న తీగచుట్ట, దూది, ద్రవం. తీగ వేడెక్కితే ద్రవం సన్నటి తుంపరగా మారుతుంది. అది నీటి ఆవిరి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, రుచికోసం వేసిన రసాయనాలు, నికోటిన్, వేడికి కొత్తగా పుట్టేవి, అన్నీ కలిసిన తుంపర. తమ్ముడి విషయంలో అసలు దోషి నవంబరు 8న బయటపడింది. పది రాష్ట్రాల్లో 29 మంది రోగుల ఊపిరితిత్తుల నుంచి తీసిన ద్రవాన్ని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పరీక్షిస్తే, 29లోనూ విటమిన్ ఇ ఎసిటేట్ దొరికింది. దొంగచాటు కార్ట్‌లలో గంజాయి నూనెను పలచబరిచి, చిక్కగా కనిపించేలా చెయ్యడానికి కలిపే నూనె అది. ఒంటికి రాసుకున్నా, మాత్రగా మింగినా సాధారణంగా ఏమీ కాదు. పీలిస్తే ఊపిరి తీస్తుంది. 2020 ఫిబ్రవరి 18 నాటికి అమెరికాలో ఇవాలితో ఆస్పత్రిపాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి 2,807 మంది. అందులో మరణాలు 68. వివరాలు చెప్పినవాళ్లలో 82 శాతం గంజాయి రసాయనమున్న సరుకు వాడారు. 14 శాతం మంది నికోటిన్ మాత్రమే అన్నారు. ఆ 14 శాతంలో మా తమ్ముడిలా భయపడి దాచినవాళ్లు ఎందరున్నారో అని ఆ అంకె చూసినప్పుడల్లా అనుకుంటాను.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక కష్టం తీరిందనుకున్నాం. కానీ అసలు కష్టం అప్పుడే మొదలైంది. ఊపిరితిత్తులకి స్టెరాయిడ్లున్నాయి. నికోటిన్ అలవాటుపడ్డ మెదడు మాత్రం దాన్ని అడుగుతూనే ఉంటుంది. తలనొప్పి, నిద్ర లేకపోవడం, పట్టరాని కోపం. ఒక అర్ధరాత్రి కారు తాళాలిమ్మని నా గది తలుపు బాదాడు. ఇవ్వనంటే గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా ఆయన వాడి పక్కనే నేల మీద కూర్చున్నాడు, ఏమీ మాట్లాడకుండా. డాక్టరు రాసిన నికోటిన్ ప్యాచ్‌లు బాగా ఆదుకున్నాయి. నోరు లాగే తీవ్రత ఒక్కోసారి కొన్ని నిమిషాలే ఉంటుందనీ, ఆ నిమిషాలు దాటితే చాలనీ కౌన్సెలర్ చెప్పిన మాట పట్టుకుని, ఇంటి చుట్టూ ఆగి ఆగి నడిచేవాళ్లం. ఆ సెమిస్టర్ వదులుకోవాల్సి వచ్చింది. వీసా పోలేదు. అనారోగ్య కారణం చూపించి, కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు అనుమతితో కోర్సులు తగ్గించుకునే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే ఐసీయూలో వాడి భయాల్లో ఒకటైనా తగ్గేది. అందుకే అది షోలో వివరంగా ఉంటుంది.

ఆ తర్వాత ఏళ్లపాటు వాడు ఈ మాటెత్తలేదు. మేమూ కదపలేదు. మొన్నామధ్య హైదరాబాద్‌లో ఇంటర్ చదువుతున్న మా పెదనాన్న మనవడి బ్యాగులో డిస్పోజబుల్ వేప్ దొరికిందని తెలిసినప్పుడు తమ్ముడే ఫోన్ చేశాడు. "అక్కా, వీడియో చేద్దాం. నేను చెప్తాను."

నిషేధమున్న దేశంలో పిల్లవాడి బ్యాగులోకి అదెలా వచ్చిందంటే, దొంగచాటుగానే. 2019 చట్టం గట్టిదే. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మళ్లీ దొరికితే మూడేళ్లు, అయిదు లక్షలు. ప్రకటనలు కూడా నేరమే. అందువల్ల మా షోలో బ్రాండు పేరు పెట్టి పొగడటం అటుంచి, పరికరాన్ని చూపించడం కూడా వద్దనుకున్నాం. దీని మీద మా ఇద్దరికీ వాదన జరిగింది. పెన్‌డ్రైవ్‌లా, హైలైటర్‌లా ఉండేవాటిని తల్లిదండ్రులు గుర్తుపట్టాలి కదా అని వాడంటాడు. తల్లిదండ్రులకి చూపించింది పిల్లలూ చూస్తారని నేనంటాను. చివరికి వస్తువును వదిలేసి మనిషి మీద లక్షణాలు చెబుదామనుకున్నాం. తగ్గని దగ్గు, మాటిమాటికీ బాత్రూముకో డాబా మీదకో వెళ్లడం, గదిలో కారణం లేని పళ్ల వాసన, చిన్నదానికే చిరాకు.

పొగ లేదు, పరికరం లేదు, మరి జనం ఎందుకు చూస్తారు? ఈ ప్రశ్నకి జవాబు నా ఫోన్లోనే దొరికింది. 2019 ఆగస్టు, సెప్టెంబరుల్లో తమ్ముడు పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు అలాగే ఉన్నాయి. కూర ఎలా వండాలి, కారు ఇన్సూరెన్స్ ఎంత, ఇలాంటివే. వాటిని తేదీల వరుసలో టైమ్‌లైన్ మీద పెట్టాను. మాటల మధ్య ఖాళీలు వారం వారం పెరుగుతూ కంటికి కనిపించాయి. మొదటి మెసేజ్‌లో ఒక్క ఊపిరిలో చెప్పిన వాక్యం చివరి మెసేజ్‌లో నాలుగు ముక్కలైంది. నల్లటి తెర మీద ఆ గొంతు మాత్రమే వినిపిస్తాను. సంగీతం వెయ్యను. ఇన్నేళ్ల పనిలో ఇంత బలమైన సౌండ్ నా చేతికి రాలేదు.

భయపెట్టడానికి అబద్ధం వాడకూడదన్నది ఇంకో పట్టుదల. వేప్ తాగితే పాప్‌కార్న్ లంగ్ వస్తుందని టైటిల్ పెడితే బాగా ఆడుతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. 2000 ప్రాంతంలో మిస్సోరీలో పాప్‌కార్న్ కర్మాగారం కార్మికులకి, వెన్న వాసన కోసం కలిపే డయాసిటైల్ పీల్చి వచ్చిన జబ్బు అది. కొన్ని వేప్ ద్రవాల్లోనూ ఆ రసాయనం దొరికింది. అంతమాత్రాన వేప్ తాగినవాళ్లకి అదే జబ్బు వస్తుందని రుజువు కాలేదు. ఈ సంగతి పిల్లలకి తెలుసు. ఒక్క అబద్ధం పట్టుకుంటే మిగతా నిజాలన్నీ వదిలేస్తారు. అలాగే, ఆధునిక ఈ-సిగరెట్‌ని 2003లో తయారుచేసిన చైనా ఫార్మసిస్టు హోన్ లిక్ తనే పొగతాగేవాడని, తండ్రిని ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోగొట్టుకున్నాడని చెబుతాం. బ్రిటన్‌లో సిగరెట్ మానలేని పెద్దవాళ్లని డాక్టర్లు వేప్ వైపు మళ్లిస్తున్నారనీ చెబుతాం. అది సిగరెట్ మానడానికి. ఏ అలవాటూ లేని ఇరవై రెండేళ్లవాడికి దాంతో ఏ అవసరమూ లేదు.

తమ్ముడి మొహం చూపించాలా వద్దా అన్నది ఇంట్లో పెద్ద చర్చే అయింది. పెళ్లి కావలసిన కుర్రాడు, సంబంధాలు చెడతాయని పిన్ని గోల పెట్టింది. మొహం మసకచేస్తే నేరం చేసినవాణ్ణి చూపించినట్టుంటుందని నా వాదన. నాన్న చాలాసేపు ఆలోచించి, "దాచబట్టే కదమ్మా అంత దూరం వచ్చింది. చూపించు" అన్నాడు. రిహార్సల్లో, డాక్టరుకి అబద్ధం చెప్పిన చోటికి వచ్చేసరికి వాడి గొంతు పూడుకుపోయింది. కెమెరా ఆపేశాను. ఆ ఏడుపు షోలో ఉండదు. ఏడుపు చూసి జాలిపడి వెళ్లిపోయేవాళ్లు నాకొద్దు. డాక్టరు దగ్గర ఏం చెప్పాలో నేర్చుకుని వెళ్లాలి.

షో వచ్చేదాకా ఆగక్కర్లేని మాటలు కొన్నున్నాయి. మానాలనుకునేవాళ్లకి ఇండియాలో 1800-11-2356, అమెరికాలో 1-800-784-8669 ఉచిత నంబర్లు. విద్యార్థులూ, ఊపిరాడనప్పుడు డాక్టరుకి అన్నీ చెప్పండి, ఎక్కడ కొన్నారో కూడా. తల్లిదండ్రులూ, అక్కలూ అన్నలూ, డాక్టరు మీ పిల్లవాణ్ణి ఏం పీల్చావని అడుగుతున్నప్పుడు మీరు గది బయటికి వెళ్లండి. తిట్లు తర్వాత ఎప్పుడైనా తిట్టుకోవచ్చు.