చెప్పే వరస

మా నాన్నకు చదువు రాదు. నేను ఇంటర్‌లో ఉండగా వేరుశనగ కరపత్రం ఒకటి చదివి వినిపించాను: "విత్తనమునకు రైజోబియం కల్చరు పట్టించవలెను. అంతకు పూర్వము తెగుళ్ళ మందు పట్టించవలెను." కల్చరు మాకు కొత్త. నాన్న విన్న వరసలోనే కానిచ్చాడు. మందు తగిలి కల్చరులోని సూక్ష్మజీవులు చచ్చాయి. మొక్క పీకి చూస్తే వేళ్ళకు బుడిపెలు అంతంతమాత్రం. నాన్న నన్నేమీ అనలేదు. అదే నా బాధ.

మొన్న లైబ్రరీలో రాబర్ట్ లాంగేకర్ అనే భాషాశాస్త్రవేత్త బైబిలులోని యోసేపు కథపై 1989లో రాసిన గ్రంథం కంటబడింది. హీబ్రూ కథలో జరిగిన పనులన్నీ ఒకే రకం క్రియారూపంతో వరసగా సాగుతాయట. పక్క సంగతులకు వేరే రూపాలట. మనకు మాత్రం లేదా? "తెగుళ్ళ మందు పట్టించి, దానిమీద కల్చరు పట్టించి, నీడన ఆరబెట్టి విత్తు." ఇంతే కదా!

ఈ సెలవుల్లో ఆ కరపత్రం తిరగరాస్తాను. ముందు నాన్నకే వినిపిస్తాను.