నడకా? సైకిలా?

పిల్లలూ! ఇవాళ మీకొక లెక్క ఇస్తాను. ఒకరి ఇంటినుంచి బడికి సరిగ్గా 3 కిలోమీటర్లు. మనిషి మామూలుగా గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడు. సైకిలు నింపాదిగా తొక్కినా గంటకు 15 కిలోమీటర్లు పోతాడు. దేనికి ఎంతసేపు పడుతుంది?

నడిస్తే 36 నిముషాలు, సైకిలు మీద 12 నిముషాలు. పోనూ రానూ కలిపితే రోజుకు 48 నిముషాల తేడా. ఏడాదికి 220 రోజులు బడి ఉంటుందనుకుంటే 176 గంటలు మిగులుతాయి. అంటే రాత్రింబవళ్ళు లెక్కపెట్టినా వారం రోజులు దాటిన కాలమన్నమాట! "ఇంకేం, సైకిలే మేలు" అంటారు మీరు. ఈ లెక్కప్రకారం మీదే గెలుపు. కాని లెక్కలోకి రాని సంగతులు కూడా కొన్ని ఉన్నాయి.

ముందు సైకిలు గొప్పతనం చెప్పుకుందాం. నడిచేటప్పుడు అడుగడుగునా మన ఒళ్ళు కొంచెం పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతుంది. అలా ఎత్తి దించడానికే చాలా శక్తి ఖర్చవుతుంది. సైకిలు మీద మన బరువును సీటు మోస్తుంది, చక్రాలు దొర్లుకుంటూ పోతాయి. కాళ్ళకు తొక్కడమొక్కటే పని. 1973లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్. ఎస్. విల్సన్ అనే ఆయన జంతువులనూ, పక్షులనూ, యంత్రాలనూ ఈ విషయంలో పోల్చి చూశాడు. ఒకే బరువును ఒకే దూరం తీసుకుపోవడానికి అన్నిటికన్న తక్కువ శక్తి ఖర్చు చేసేది సైకిలెక్కిన మనిషేనని తేలింది. నడిచే మనిషికయ్యే ఖర్చులో ఇది సుమారు ఐదోవంతు మాత్రమే!

దూరం పెరిగితే సైకిలు విలువ ఇంకా పెరుగుతుంది. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతికి వచ్చిన ఆడపిల్లలకు సైకిళ్ళ పథకం పెట్టింది. తరవాత కార్తిక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు దాని ఫలితాన్ని పరిశీలించారు. హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు మూడోవంతు పెరిగింది. బడి 3 కిలోమీటర్లకు పైన ఉన్న ఊళ్ళలోనే ఆ పెరుగుదల ఎక్కువగా కనిపించింది. కనుక దూరపు పిల్లలకు సైకిలు విలాసం కాదు, అది వాళ్ళ చదువు.

మరి నడక మాటేమిటి? మా నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలో నల్లరేగడి నేలలు ఎక్కువ. ఎండాకాలంలో అవి నోళ్ళు తెరచినట్టు బీటలు వారతాయి. వాన పడితే నీరు పీల్చి ఉబ్బి, బంకలాగా తయారవుతాయి. ఆ మట్టి సైకిలు చక్రానికీ, మడ్‌గార్డుకూ నడుమ ఇరుక్కున్నదంటే చక్రం తిరగదు. పుల్లతో గీరుకోవాలి, నాలుగడుగులు పోయి మళ్ళీ గీరుకోవాలి. ఆఖరికి సైకిలు మనల్ని మోయడం పోయి, సైకిలును మనం మోయవలసి వస్తుంది! ఆషాఢమాసపు ఈదురుగాలి సంగతి కూడా వినండి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో మీరు తొక్కుతుంటే, అంతే వేగంతో గాలి ఎదురు వీస్తే, గాలి అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది.

1998 ప్రాంతంలో నేను ఆళ్ళగడ్డలో కాపురముంటూ, 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పల్లెబడికి ప్రధానోపాధ్యాయుడుగా పోయేవాణ్ణి. ఆ దారిలోనే కొందరు పిల్లలు నడిచి వచ్చేవాళ్ళు. సైకిలు మీద పోతుంటే వాళ్ళ "నమస్తే సార్" నా వీపు వెనకనుంచి వినిపించేది. ఒకసారి ముసురు పట్టి దారంతా రేగడి బురద అయింది. వారం రోజులు వాళ్ళతోపాటు నడిచాను. మొదటి రెండు రోజులూ వాళ్ళు బెదురుతూ నా వెనక నడిచారు. మూడోనాటికి కబుర్లు మొదలుపెట్టారు.

అయిదో తరగతి పిల్ల ఒకతె వారంలో రెండు మూడు రోజులు బడికి వచ్చేది కాదు. హాజరుపట్టీలో కనిపించేది గైర్హాజరు గుర్తు ఒక్కటే. కారణం దారిలో తెలిసింది. వాళ్ళమ్మ తెల్లవారగానే కూలికి పోతుంది. చంటి తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దించేది ఈ పిల్లే. అక్కడ తలుపు తీయడం ఆలస్యమైన రోజున బడిగంట కొట్టేస్తారు. ఆలస్యంగా లోపలికి రావడానికి సిగ్గుపడి ఇంటికి తిరిగిపోయేది. ఆ రోజే ఆమె తరగతి పంతులమ్మగారితో మాట్లాడాను. తలుపు తీయని రోజున తమ్ముణ్ణి బడికే తెమ్మన్నాం. వాడు పలకమీద గీతలు గీసుకుంటూ కూర్చునేవాడు. అక్క చదువు సాగింది.

ముసురు వెలిసి దారి ఆరింది. ఇప్పుడు నడవాలా, సైకిలెక్కాలా? ఇంట్లో మా అమ్మ మంచంలో ఉండేది. రోజుకు 48 నిముషాలంటే ఆమె దగ్గర నేను కూర్చునే కాలం. "సైకిలు పెట్టుకొని నడుస్తావేంరా నాయనా?" అని అమ్మ అడిగింది. పిల్లల సంగతి చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అట్లయితే పొద్దున వాళ్ళ వంతు, మాపున నా వంతు పెట్టుకో" అన్నది.

అదే చేశాను. పొద్దున పిల్లల సంచులు క్యారియరు మీద కట్టి, సైకిలు నడిపించుకుంటూ వాళ్ళతో నడిచేవాణ్ణి. దారిలో ఎక్కాలు, పొడుపుకథలు, చెట్ల పేర్లు చెప్పుకునేవాళ్ళం. సాయంత్రం సైకిలెక్కి 12 నిముషాల్లో అమ్మ దగ్గర ఉండేవాణ్ణి.

మనుషులను కలుసుకోవాలంటే మెల్లగా పోవాలని మా ప్రాంతంలో అందరికీ తెలుసు. సంక్రాంతి వెళ్ళగానే అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయలుదేరతాడు. తన పెళ్ళికి రమ్మని జనాన్ని పిలవడానికి సుమారు 40 రోజులు పల్లకీలో ఊరూరూ తిరుగుతాడని చెప్పుతారు. పల్లకీ మోసేది మనుషుల భుజాలే. ప్రతి ఊళ్ళోనూ ఆగి, జనాన్ని పలకరించి మరీ ముందుకు పోతుంది.

తరవాత నాకు అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న నంద్యాలకు బదిలీ అయింది. అక్కడ పిల్లలు నలుదిక్కులనుంచీ వచ్చేవాళ్ళు. నా దారిలో ఎవరూ కలిసేవారు కాదు. బడి తాళం తీయవలసినవాణ్ణి నేనే. కనుక అక్కడ రెండుపూటలా సైకిలే ఎక్కాను.

తల్లిదండ్రులకు ఒక మాట. 1953లో జెర్రీ మారిస్ అనే వైద్యుడు, ఆయన తోటివారూ లండను బస్సుల్లో పనిచేసేవారిని పరిశీలించారు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకన్న, కూర్చునే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువ. పిల్లలకు రోజుకు సగటున 60 నిముషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతున్నది. నడకా, సైకిలూ రెండూ ఇందుకు పనికివస్తాయి. వీధి చివరి బడికి మోటారు సైకిలు మీద దించితే మాత్రం ఆ 60 నిముషాల్లో కొన్ని పోయినట్టే.

పిల్లలూ! ఈ వారం ఒకరోజు నడిచి, ఒకరోజు సైకిలు మీద బడికి పోయి చూడండి. ఒక కాగితంమీద రెండు వరుసలు గీయండి. ఒకదానిలో పట్టిన నిముషాలు, రెండోదానిలో దారిలో పలకరించిన మనుషుల పేర్లు రాయండి. ఆ కాగితం అమ్మకూ నాన్నకూ చూపించి, మీ దారికి ఏది తగినదో మీరే తేల్చుకోండి.