ఖరగ్‌పూర్ మైదానం, బుషీ స్టేషన్

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో తెలుగు మాట వినిపించడం వింత కాదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కొలువుల కోసం తరలివచ్చిన ఆంధ్ర కుటుంబాలు ఈ పట్టణంలో తరతరాలుగా స్థిరపడ్డాయి. ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలూ ఒకప్పుడు ఇక్కడ ఎక్కువే. రైల్వే మైదానం అందరికీ ఉమ్మడి. లెస్లీ క్లాడియస్ జీవితం ఆ మైదానంలోనే మలుపు తిరిగింది.

1927లో బిలాస్‌పూర్‌లో జన్మించిన క్లాడియస్‌కు మొదట ఫుట్‌బాలే సర్వస్వం. 1946లో బి.ఎన్.ఆర్. హాకీ జట్లు బైటన్ కప్పు కోసం సాధన చేస్తుండగా ఆయన గట్టున కూర్చున్న ప్రేక్షకుడు మాత్రమే. ఒక పక్షానికి ఆటగాడు తక్కువయ్యాడు. 1932 ఒలింపిక్ స్వర్ణ విజేత డికీ కార్ ఆ యువకుణ్ణి పిలిచి ఆడమన్నారని చెబుతారు. రెండేళ్లకే, 1948లో, లండన్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో ఆయన సభ్యుడు!

తర్వాత హెల్సింకీ, మెల్‌బోర్న్, రోమ్. సరిగ్గా ఆ నాలుగు ఒలింపిక్స్‌లోనే డెన్మార్క్ పడవ పందెగాడు పాల్ ఎల్‌వ్‌స్ట్రోమ్ వరుసగా నాలుగు స్వర్ణాలు గెలిచారు. ఆయన తెరచాపల తయారీనే వృత్తిగా చేసుకున్నారు. నీటిపై నేర్చినదే జీవనాధారమయింది. మన హాకీకి ఆ భాగ్యం లేదు. కలకత్తా కస్టమ్స్ కొలువే క్లాడియస్ ఆటకు అండ. క్రీడాకారులకు ఉద్యోగమిచ్చిన కార్యాలయాల ఋణం మన పతకాల లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

ఆయన స్థానం రైట్ హాఫ్. ప్రత్యర్థిని నిలువరించి, బంతిని లాగి, ముందున్నవారికి అందించడం అక్కడి పని. చప్పట్లు మాత్రం గోలు కొట్టినవారికి. 1960లో రోమ్‌లో నాయకత్వం ఆయనదే. 1928 నుండి ఒలింపిక్ హాకీలో ఓటమి ఎరుగని భారత్ ఫైనల్లో పాకిస్తాన్‌కు 0-1తో తలవంచింది. మూడు స్వర్ణాలు చాలవన్నట్లు ఆ ఒక్క గోలు నాయకుని పద్దులో పడింది. ఇది న్యాయమనిపించదు.

1971లో పద్మశ్రీ లభించింది. 1978లో ప్రపంచ కప్పులో భారత్‌కు ఆడిన కుమారుడు బాబీ అదే సంవత్సరం రోడ్డు ప్రమాదంలో మరణించాడు. తన సమాజంలో ఎందరో ఆస్ట్రేలియాకు తరలిపోయినా, క్లాడియస్ కలకత్తాను విడువలేదు.

2012 లండన్ ఒలింపిక్స్ సందర్భంగా రూపొందిన ప్రత్యేక రైలుమార్గ పటంలో బుషీ స్టేషన్‌కు ఆయన పేరు పెట్టారు. ఆ డిసెంబరు 20న కలకత్తాలో ఆయన కన్నుమూశారు.