జిహ్వకు శస్త్రచికిత్స – జపమునకు భంగమా?

వాక్కు పరా, పశ్యంతి, మధ్యమ, వైఖరి అని నాలుగు విధములు. చెవికి వినబడునది కడపటిదగు వైఖరి మాత్రమే. ఈ భేదము ఒకనికి ప్రాణావసరమైన సందర్భము కలదు.

ద్రాక్షారామమున భీమేశ్వరుని సన్నిధిలో అనుదినము నమకము పఠించు భక్తునికి నాలుక ప్రక్కన పుండు లేచి, మూడు వారములైనను మానలేదు. అది తొలిదశ క్యాన్సరని పరీక్షలో తేలినది. కణితి రెండు సెంటీమీటర్లకు లోపే. శస్త్రచికిత్సతో నయమగు అవకాశము అధికమని వైద్యులు చెప్పిరి. ఆయన భయము మృత్యువును గూర్చి కాదు. “నాలుక కోసినచో రుద్రమెట్లు చెప్పుదును? మంత్రము తప్పిన దోషము కాదా?” అని సంశయించెను.

ఈ సంశయమునకు శిక్షాశాస్త్రమే సమాధానము. త్వష్ట మంత్రము విపరీతఫలమిచ్చినది స్వరదోషముచేత. ఉదాత్తాది స్వరములు కంఠమున పుట్టును. నాలుక కోతచే అవి చెడవు. ప, బ, మ మున్నగు ఓష్ఠ్యములకు నాలుకతో పనియే లేదు. తడబడునవి త, ద, న వంటి దంత్యములు, ట, డ, ణ వంటి మూర్ధన్యములు, రేఫము. కోసిన భాగము చిన్నదైనచో, మిగిలిన జిహ్వ అభ్యాసముచే వానిని చాలవరకు మరల నేర్చుకొనును. కణితి పెరిగినకొలది కోయవలసిన భాగమును పెరుగును. వాక్కును కాపాడుకొనవలెనని చేయు ఆలస్యమే వాక్కును హరించును.

మెడలోని గ్రంథులను కూడ తీయవలెనా అను ప్రశ్నకు ముంబయి టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు 2015లో సమాధానము ప్రకటించిరి. తొలి శస్త్రచికిత్సతోనే వానిని తీసినవారిలో మూడేండ్లకు 80 శాతము జీవించియుండిరి. వ్యాధి అచ్చట బయటపడినచో అప్పుడు తీయుదమని వేచినవారిలో 67.5 శాతము.

తరువాతి జీవనము క్లేశరహితము కాదు. కొన్ని దినములు ద్రవాహారము, పిదప మెత్తగా కలిపిన పెరుగన్నము. లాలాజలము కారునని బంతిలో కూర్చుండుటకు సంకోచము. గ్రంథులు తీసినచో శిరస్సుపై అంజలి ఘటించుటకు భుజము బిగియవచ్చును. దానికి వ్యాయామము కలదు. పొగాకు పూర్తిగా విడువవలెను. వ్యాధి తిరిగి వచ్చినచో తరచుగా మొదటి రెండేండ్లలోనే వచ్చును గనుక, పరీక్షలు మానరాదు.

ఆ భక్తుడు శస్త్రచికిత్సకు సమ్మతించెను. పలుకు కుదురుకొనువరకు ఆయన చేసినది మానసజపము. మనుస్మృతి వాచికము, ఉపాంశువులకంటె మానసమునకే అగ్రస్థానమిచ్చినది. నేడు ఆయన నమకములో నకారము కొంత మొద్దుబారినది, మకారము స్పష్టము, స్వరము నిర్దుష్టము.

నోటిలో మూడు వారములకు మానని పుండున్నవారు మొదట వైద్యుని దర్శింపవలెను. దేహరక్షణమును ధర్మసాధనమే.

స్వస్తి.