తాళంచెవి ఇచ్చినవారి బాధ్యత

పరాయి ఊరిలో దిగిన మనిషికి మొదట కావలసినది తలదాచుకొనే చోటు. అందుకే సరాయి కట్టించడం పుణ్యకార్యమని మన పెద్దలు తలచారు. ముసాఫిరును ఆదరించడం మా ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న మర్యాద. పార్వతీపురం రైల్వేస్టేషనుకు సమీపంలో మా తండ్రిగారు నడుపుతూ వచ్చిన పది గదుల చిన్న లాడ్జి కూడ అట్టి భావంతోనే ప్రారంభమైనది. ఆ లాడ్జి మాకు అన్నం పెట్టింది, చదువు చెప్పించింది. దానిని గురించి చాలకాలంగా మా మనసులో నలుగుతున్న ఒక మాటను ఈ వార్షిక సంచిక ద్వారా తోటి విద్యార్థుల ముందు, పెద్దల ముందు ఉంచదలచినాము.

పార్వతీపురం కొండలకు వాకిలి వంటి ఊరు. విజయనగరం నుండి రాయగడ మీదుగా రాయపూరు పోయే రైలుమార్గం దీని గుండానే సాగుతుంది. జాతాపులు, సవరలు తమ చింతపండును, పసుపును, జీడిపిక్కలను, కొండచీపుళ్ళను దిగువకు తెస్తారు. వాటిని కొనే చిన్న వర్తకులు, ఆసుపత్రికి వచ్చిన రోగుల బంధువులు, బండి తప్పిపోయిన ప్రయాణికులు, వీరే మా లాడ్జికి ఆధారం. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడిన పిమ్మట రాకపోకలు మరింత హెచ్చినవి. అయితే సరుకు వచ్చే దారిలోనే చెడుసరుకు కూడ వస్తుంది. దారికి మంచిచెడ్డలు తెలియవు. తెలుసుకోవలసినది దారి ప్రక్కన ఉన్న మనమే.

2018 వర్షాకాలంలో ఇద్దరు వ్యక్తులు మూడు దినములకు ముందుగానే అద్దె చెల్లించి చివరి గదిలో దిగినారు. గది ఊడ్వనివ్వలేదు. కిటికీలు తెరువలేదు. స్పిరిటువంటి ఘాటైన వాసన వసారాలోకి వచ్చేది. మా వద్ద గదులు శుభ్రపరచే బాలుడు కురుపాం వైపు కొండపల్లెవాడు. పదిహేడేండ్లుంటాయి. వాడు వచ్చి, "అయ్యగారూ, ఆ వాసనకు తల తిరుగుతోంది" అన్నాడు. మా తండ్రిగారు, "అద్దె కట్టినారు, మనకెందుకురా" అన్నారు. ఆ ప్రక్కనే లెక్కలు వ్రాస్తూ కూర్చున్న మేమూ ఆ మాట విన్నాము, ఊరకున్నాము.

వారు వెళ్ళిన తరువాత చూస్తే దుప్పట్లపై నల్లని జిగట మరకలు, గచ్చుపై కాలిన గుర్తులు. ఆ బాలుడే వాటిని కడిగినాడు. గంజాయి నుండి తీసే నూనెను గూర్చి పత్రికలలో చదివిన తరువాతనే ఆ మరకలు ఏమైయుండునో మాకు స్ఫురించినది. బస్తాలకొద్దీ సరుకు చిన్న సీసాలో ఇమిడిపోతుంది గనుక దొంగరవాణాదారులకు అది అనుకూలం. దానిని తీయుటకు వాడే ద్రవాలు నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటాయి. ఆ మూడు రాత్రులూ తక్కిన తొమ్మిది గదులలో నిద్రించినవారి ప్రాణాలు దైవాధీనములే అయినవి.

ఇది మన ఊరికే పరిమితమైన వ్యవహారం కాదు. అమెరికాలో చవక మోటెళ్ళ గదులలో మెథాంఫెటమిన్ అనే మత్తుపదార్థం వండేవారు బయలుదేరినారు. వారు వెళ్ళిపోయినా ఆ విషం గోడలకు, పరుపులకు అంటుకొని తరువాతి బాటసారికి, గది ఊడ్చే పనివారికి హాని చేసేది. దానికి ముడిపదార్థమైన జలుబుమందును యథేచ్ఛగా అమ్మరాదని 2006లో అక్కడ చట్టం వచ్చినది.

మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చినది. 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడినవానికి పదేండ్లకు తగ్గని, ఇరవై ఏండ్ల వరకు పోగల కఠిన కారాగారశిక్ష, లక్షకు తగ్గని జరిమానా విధిస్తారు. అదే చట్టంలోని 25వ సెక్షను ప్రకారం, తన ఇంటినో గదినో వాహనాన్నో ఈ నేరానికి తెలిసి వాడనిచ్చిన యజమానికి కూడ అదే శిక్ష. తెలిసి అన్నది చట్టం అడిగే ప్రశ్న. తెలుసుకొనుటకు ఎందుకు ప్రయత్నించలేదన్నది మనస్సాక్షి అడిగే ప్రశ్న. 1867 నాటి సరాయీల చట్టమే సరాయి నడిపేవాడు మేజిస్ట్రేటు వద్ద నమోదు కావలెనని విధించినది. కనుక ఈ బాధ్యత క్రొత్తది కాదు.

మరుసటి సంవత్సరం ఆ బాలుడు మా వద్ద పని మానివేసినాడు. ఒక సంచిని రైలులో చేరవేస్తే కొన్ని వేల రూపాయలు ఇస్తామని ఎవరో ఆశపెట్టినారట. పట్టుబడినాడు. సంచి ఇచ్చినవాడు దొరకలేదు. వాని తల్లి మా గుమ్మంలో కూర్చుండి, "బాబూ, నా కొడుకును మీ చేతుల్లో పెట్టినాను" అన్నప్పుడు మా తండ్రిగారు తల ఎత్తలేకపోయినారు. మేము కూడ ఎత్తలేకపోయినాము.

ఆనాటి నుండి మా లాడ్జిలో గుర్తింపుకార్డు చూడనిదే తాళంచెవి ఇవ్వడం లేదు. ప్రతి గదిని ప్రతిదినం ఊడ్చి తీరవలెనన్నది నియమం. కొందరు విసుగుకొని ఎదుటి లాడ్జికి పోయినారు. రాబడి తగ్గినది. మా తండ్రిగారు మాత్రం నియమం సడలించలేదు.

ప్రభుత్వం ఊరకుండలేదు. 2021 చివరలో ఆపరేషన్ పరివర్తన పేర విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలను నరికించినది. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపాన కోడూరు వద్ద సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టినారు. 2024లో ఈగల్ అనే ప్రత్యేక విభాగం ఏర్పడి 1972 నంబరుపై సమాచారం స్వీకరిస్తున్నది. అయితే తోట నరికినంత మాత్రాన ఆకలి తీరదు. కాఫీకి, మిరియానికి, పసుపుకు, జీడికి న్యాయమైన ధర, పల్లెకు రోడ్డు లభించిననాడే దళారీ ఇచ్చే బయానా సొమ్ముకు గిరిజనుడు లొంగకుండును.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఎవరి సంచినైనా ఏమున్నదో తెలియక మోయకండి. అలవాటుపడిన మిత్రుని వెలివేయక చికిత్సకు తోడుకొనిపోండి. వ్యసనపరుల కొరకు 14446 నంబరు కలదు. కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వసతిగృహం చాలక బయట అద్దెగదులలో ఉండే విద్యార్థుల పట్టిక ఒకటి ఉంచి, నెలకొకసారి ఒక అధ్యాపకులు ఆ గదుల తలుపు తట్టితే చాల మేలు కలుగుతుంది. అనుమానించుటకు కాదు, యోగక్షేమం విచారించుటకే.

ఆ దినం మేము లేచి ఆ తలుపు తట్టియుంటే ఆ బాలునికి తప్పొప్పుల విషయంలో మా ఇంటి నుండి ఒక మాట అందియుండేది. దానికి మారుగా అద్దె ముట్టితే ఏదైనా సాగుతుందనే పాఠం అందినది. ఆ పాఠం మేమే నేర్పినామని ఒప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాసినాము.