మేమా, మనమా?

ఉజ్బెక్‌లో 'బిజ్' అంటే మేమూ అదే, మనమూ అదే. బొలీవియా, పెరూల్లో మాట్లాడే ఐమారాలో అలా కుదరదు. ఎదుటివాళ్ళని కలుపుకుంటే 'హివస', వదిలేస్తే 'ననక'. అచ్చం మన తెలుగే! (కాకపోతే మన 'వెళ్తాం' రెంటికీ ఒకటే, వాళ్ళకి క్రియ కూడా మారుతుంది.) కాబట్టి ఉజ్బెక్ ఆయన "రేపు మార్కెట్‌కి వెళ్తాం" అంటే, ఐమారాలోకి మార్చేవాడు ముందు "వినేవాడు కూడా వస్తున్నాడా?" అని అడగాలి. 2022లో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఐమారా చేరింది గానీ, యంత్రం అడగదుగా, ఏదో ఒకటి ఊహించేస్తుంది.

నవ్వకండి, ఓసారి నేను క్లయింటుకి "శనివారం వుయ్ విల్ టెస్ట్" అని మెయిల్ కొట్టా. నా బుర్రలో అది 'మనం'. ఆయనకది 'మేము'గా చేరింది. శనివారం రాత్రి పాస్‌వర్డు కోసం ఆయన ఫోనుకి రింగులు కొడుతూ కూర్చున్నా.